రెండో అడుగు

ఏదైనా రెండుసార్లు అడగడం నాకు మూడేళ్ళుగా అలవాటైంది. గ్యాస్ కట్టేశావా అని అడుగుతాను. కట్టేశానని మా ఆవిడ చెబుతుంది. చెప్పాక కూడా ఇంకోసారి అడుగుతాను. ఆటో ఎక్కేముందు అరసవల్లి జంక్షన్ దగ్గర ఆపుతావా అని అడిగి, అతను తలూపి బండి కదిపాక మళ్ళీ అడుగుతాను. అతను అద్దంలోంచి నన్నొక చూపు చూస్తాడు. ఇంట్లో అయితే చూపులతో సరిపెట్టరు. "మీకు సెవులు పోనాయా, నా మాట మీద నమ్మకం పోనాదా, ఏదోటి తేల్సండి" అంటుంది మా ఆవిడ.

ఆవిడ మాట మీద నమ్మకం ఉంది. చెవులు కూడా బాగానే ఉన్నాయి. అవసరమైన రోజున మాత్రం అవి పని చేయలేదు. ఆ రోజు ఒక పిల్ల నా ఎదురుగా కూర్చుని, నా సొంత భాషలో, విడమరిచి చెప్పింది. నాకు వినపడలేదు. దానివల్ల ఆసుపత్రిలో ఒకావిడ వంతు పోయింది. ఆ సంగతి మా ఆవిడకు సగమే తెలుసు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఇంకొకరు రాసిన కోడు చదివి మార్కులు వేయడం నా పని. ప్రోగ్రాం నడుస్తోందా లేదా అన్నది ఒక సంగతి, లోపల చక్కగా రాసి ఉందా లేదా అన్నది ఇంకో సంగతి. పైకి బాగా నడిచే ప్రోగ్రాంలో కూడా లోపల ముడి మీద ముడి ఉంటుంది. ఒకటే మాట నాలుగు చోట్ల రాసి ఉంటుంది. ఎప్పుడో ఎవరో ఎందుకో రాసి వదిలేసిన ముక్కలు అలాగే పడి ఉంటాయి. రేపు ఇంకొకరు వచ్చి ఒక చోట చెయ్యి పెడితే ఇంకో చోట విరుగుతుంది. ఇలాంటి చోట్ల ఎర్ర గీత పెట్టే టూల్స్ ఉన్నాయి. హైదరాబాదులో పద్నాలుగేళ్ళు ఆ ఎర్ర గీతల మీదే బతికాను.

కరోనా వచ్చాక ఇంటి నుంచి పని చేసుకోమన్నారు. రాజాం దగ్గర మా ఊరు వచ్చేశాను. ఆఫీసులు మళ్ళీ తెరిచి రమ్మన్నప్పుడు వెళ్ళబుద్ధి కాలేదు. శ్రీకాకుళంలో ఒక చిన్న కంపెనీ, చిన్న ఆసుపత్రులకీ స్కూళ్ళకీ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టేది, నన్ను తీసుకుంది. అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద, ఇత్తడి సామాను కొట్టు పైన రెండు గదులు. అంతా కలిపి పన్నెండు మంది. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి అని నాకు కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు. నేను కూడా ఆ పెద్దరికానికి తగ్గట్టే కూర్చున్నాను, అబద్ధం చెప్పను.

అక్కడ నేను కొత్తగా ఒకటి మొదలుపెట్టాను. టూల్ ఇచ్చే మార్కు కోడుకే గాని మనిషికి కాదు కదా. రాసినవాళ్ళకి తాము రాసింది ఎంతవరకు అర్థమైందో టూల్‌కి తెలియదు. అందుకని నా రిపోర్టులో ఒక గడి పెంచాను. దాని పేరు అవగాహన. ఐదుకి మార్కులు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, కంప్యూటర్ మూసేసి, వాళ్ళ కోడులోంచే ముప్పై లైన్లు కాగితం మీద అచ్చు తీసి ముందు పెట్టేవాణ్ణి. ఈ లైన్ ఏం చేస్తుంది, ఎందుకుంది, తీసేస్తే ఏమవుతుంది. అవే మూడు ప్రశ్నలు. ఈ పద్ధతి అంటే నాకు ఎంత మురిపెమో చెప్పలేను. మా కంపెనీ యజమాని కూడా వచ్చినవాళ్ళందరికీ ఈ గడి గురించి చెప్పి నన్ను చూపించేవాడు.

మొదటి వారంలోనే ఒకతనికి నాలుగున్నర వేశాను. విశాఖలో చదువుకున్నవాడు. ఇంగ్లిషులో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చేతులు తిప్పుతూ, బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఆ ముప్పై లైన్లలో పదకొండో లైన్ అసలు ఏ పనీ చేయదని నాకు చాలా నెలల తర్వాత తెలిసింది. ఎక్కడినుంచో తెచ్చి అతికించినప్పుడు దానితోపాటు వచ్చిన లైన్ అది. దాని మీద కూడా అతను రెండు నిమిషాలు మాట్లాడాడు, నేను తలూపాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తర్వాతి వారం ఆ పిల్ల వంతు వచ్చింది. పిల్ల అంటున్నాను గాని ఇరవై ఆరేళ్ళుంటాయి. సముద్రం వైపు, జీడితోటల ఊరు. వాళ్ళమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. రాజాంలో ఇంజనీరింగ్ చదివింది. ఆఫీసులో ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. మాట్లాడితే అచ్చం మా అమ్మలాగే ఉండేది, ఏటి, ఎందుకేటి, సూడండి, సెప్పినాను కదా. నేను హైదరాబాదు వెళ్ళిన మొదటి ఏడాదే నా నోట్లోంచి ఏటిని తీసి పారేసినవాణ్ణి. మీటింగులో ఒకసారి ఏటి అన్నందుకు నలుగురు నవ్వారు, అంతే, అది ఆఖరు. అంత కష్టపడి వదిలించుకున్నది ఆ పిల్ల నోట అంత తేలిగ్గా వస్తుంటే నాకు చిరాకుగా ఉండేది. దాన్ని చిరాకనే అనుకున్నాను అప్పట్లో.

ఆమె రాసింది ఒక ఆసుపత్రి ప్రోగ్రాం. ఆ పిల్ల ఊరికి దగ్గర్లోనే చిన్న ఆసుపత్రి, కిడ్నీలు పాడైనవాళ్ళకి డయాలసిస్ చేస్తారు. ఆ చుట్టుపక్కల ఆ జబ్బు ఎక్కువ. వారానికి రెండుసార్లు ఒక్కొక్కరూ నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవాలి. మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఎవరి వంతు ఏ రోజో, ఏ వేళకో చూసేదే ఆ ప్రోగ్రాం. వంతు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరి ఆడదు. రెండు వంతులు వరసగా తప్పితే ఇంక చెప్పక్కర్లేదు.

అందులో ఒక భాగం పేషెంట్ల పేర్లు కలిపేది. ఒకే మనిషి వచ్చిన ప్రతిసారీ కౌంటర్ దగ్గర కొత్తగా పేరు రాసేస్తారు కాబట్టి, ఒకే మనిషివి రెండు మూడు రికార్డులు తయారవుతాయి. పేరు, ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబరు ఒకటే అయి, వయసు కాస్త అటూ ఇటూగా ఉంటే వాటిని ఒకటి చేసేయాలి. ఆధార్ లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదని ఆ ఆసుపత్రి నియమం, అందుకని ఆ గడి సగం మందికి ఖాళీయే. ఇంతవరకు బాగానే ఉంది. కలపడానికి ముందు ఆ పిల్ల ఒక ఫంక్షన్, అంటే ఒక పని చేసే కోడు ముక్క, రాసింది. ముడి మీద ముడి, షరతులో షరతు, ఎనిమిది మెట్లు లోపలికి దిగుతుంది. టూల్ దాని మీద ఎర్ర గీతలు గీసి గీసి అలిసిపోయింది. దానికి తోడు గుర్తు అని ఒక గడి, అందులో కౌంటర్‌లో ఉన్నవాళ్ళకి తోచింది రాసుకోవచ్చు. తోచింది రాసే గడి మీద ప్రోగ్రాం నడవడం ఏమిటని నా కడుపు మండిపోయింది.

ఆ ఫంక్షన్ పేరు ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు. రెండో అడుగు.

కాగితం ఆమె ముందు పెట్టి, ఇది రెండో అడుగైతే మొదటి అడుగు ఎక్కడుందని అడిగాను. కోడంతా వెతికాను, మొదటి అడుగు లేదు, మూడో అడుగు లేదు. ఎప్పుడో మొదలుపెట్టి సగంలో వదిలేసిన ముక్క అని అప్పటికే నిర్ణయానికి వచ్చేశాను.

ఆమె కాగితం మీద ఆ పేరు కింద వేలు పెట్టింది. "మొదట పేరు సార్. అది బయట కౌంటర్ కాడే అడుగుతారు" అంది.

నేను అడిగిందేమిటి, ఈమె చెప్పేదేమిటి అనుకున్నాను. కౌంటర్ సంగతి కాదు, కోడులో మొదటి అడుగు ఏదని మళ్ళీ అన్నాను. గొంతు పెంచి అన్నాను. గొంతు పెంచడాన్ని మళ్ళీ అడగడం అనుకోకూడదని ఇప్పుడు తెలుసు.

"కోడులో ఉండదు సార్. కోడులో ఉన్నాది రెండోదే."

సరే, ఇది తీసేస్తే ఏమవుతుందని అడిగాను.

"ఇద్దరు ఒకలైపోతారు సార్. మా వైపు ఒకే పేరోలు సానామంది ఉంటారు. మొదటిపాలి ఎవుల్ని అడిగినా అవుననేస్తారు."

ఆ ముక్క ఇప్పుడు రాస్తుంటే ఎంత తేటగా ఉందో. ఒక ప్రోగ్రామర్ తన కోడు గురించి ఇంతకంటే బాగా చెప్పగా నేను ఈ ఉద్యోగంలో వినలేదు. ఏం చేస్తుందో, ఎందుకుందో, తీసేస్తే ఏమవుతుందో, మూడింటికీ జవాబు మూడు ముక్కల్లో ఉంది. అప్పుడు నాకు వినబడింది మాత్రం సానామంది, ఒకలు, పాలి. చదువుకున్న పిల్లవి, కాస్త సరిగ్గా చెప్పడం నేర్చుకో అన్నాను. ఆమె సరే సార్ అంది.  నేను మళ్ళీ అడిగితే ఇంకా చెప్పేదేమో, నేను అడగలేదు. అవగాహన గడిలో రెండు వేసి, పక్కన 'రాసిన కోడు ఎందుకుందో తనకే తెలియదు' అని రాశాను. ఆ ఫంక్షన్ కింద 'అనవసరం, తొలగించాలి' అని రాశాను. పచ్చ సిరాతో రాశాను. ఆ సిరా నాకు పెద్ద గొప్ప.

నా మార్కు చూసి యజమాని ఆమెను ఆసుపత్రి పని నుంచి తప్పించి ఒక స్కూలు హాజరు పట్టీ పనిలో వేశాడు. నాలుగున్నర వచ్చినతనికి ఆసుపత్రి అప్పగించాడు. అతను ఒక్క పూటలో ఆ ఫంక్షన్‌నీ గుర్తు గడినీ తీసేశాడు. మళ్ళీ టూల్ పెట్టి చూస్తే ఎర్ర గీతలు దాదాపు పోయాయి. యజమాని అందరికీ స్వీట్లు తెప్పించాడు. ఆ పిల్ల కూడా ఒకటి తీసుకుంది, తినకుండా కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. ఎందుకు గమనించానో తెలియదు గాని గమనించాను.

కొత్త ప్రోగ్రాం ఆసుపత్రిలో పెట్టిన రెండో వారం, ఒక శనివారం పొద్దున ఆ పిల్ల నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆసుపత్రిలో ఒక నర్సు ఆమెకు తెలుసు. కంపెనీకి కాకుండా నేరుగా ఆమెకే ఫోన్ చేసింది. ఆమె నాకు చెప్పిందీ, తర్వాత నేను రికార్డుల్లో చూసుకున్నదీ కలిపి ఇది.

ఒక ఊళ్ళో ఇద్దరు తోటికోడళ్ళు. ఇద్దరిదీ ఒకటే పేరు. ఒక ముసలావిడకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ముసలావిడ పోయాక కొడుకులిద్దరూ ఎవరికి వారు తమ పెద్దకూతురికి అమ్మ పేరు పెట్టుకున్నారు. ముసలావిడ కూతురికి ఇద్దరు మగపిల్లలు. పెద్దవాళ్ళయ్యాక మేనరికాలు చేసుకున్నారు, అన్నకి ఒక మేనమామ కూతురు, తమ్ముడికి ఇంకో మేనమామ కూతురు. అంతే. పేరు ఒకటి, పెళ్ళయ్యాక ఇంటిపేరు ఒకటి, ఊరు ఒకటి, ఇల్లు ఒకటి, ఇంట్లో ఫోను ఒకటి. వయసు రెండేళ్ళు తేడా. ఊళ్ళో పెద్దామె, చిన్నామె అంటారు. మా వైపు ఇది వింతేమీ కాదు. మా నాన్నమ్మ పేరుతో మా ఇంట్లోనే ముగ్గురున్నారు. ఇది తెలియడానికి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఆ ఇద్దరికీ కిడ్నీలు పోయాయి, ముందు పెద్దామెకి, తర్వాత చిన్నామెకి. పెద్దామెకి సోమవారం, గురువారం. చిన్నామెకి మంగళవారం, శుక్రవారం. గుర్తు గడిలో ఒకరికి పెద్దామె అనీ, ఇంకొకరికి చిన్నామె అనీ రాసి ఉండేది. ఆ గడి పోయింది. కలిపే ప్రోగ్రాం ఆదివారం నడిచి ఇద్దరినీ ఒక మనిషిని చేసింది. ఒక మనిషికి వారానికి నాలుగు వంతులు ఉండకూడదు కదా, ఆ రూలు కూడా ప్రోగ్రాంలోనే ఉంది. వెనక చేరిన రెండు వంతులూ కొట్టేసింది. కోడుగా చూస్తే ఎక్కడా తప్పు లేదు. ఏ లైన్ చేయాల్సిన పని ఆ లైన్ చేసింది.

మంగళవారం చిన్నామె వచ్చింది. ఇద్దరినీ మొహం చూసి గుర్తుపట్టే పాత రిసెప్షనిస్టు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. కొత్తమ్మాయి వచ్చి నాలుగు రోజులైంది. స్క్రీన్ చూసి, నిన్ననే అయింది కదమ్మా, మళ్ళీ గురువారం అంది. చిన్నామె ఇంటికెళ్ళిపోయింది. గురువారం ఇద్దరూ కలిసి వచ్చారు. పేరు పిలిస్తే ఇద్దరూ లేచారు. మంచం ఒకటే ఉంది. కొత్తమ్మాయి రెండో ఆవిడని తోడొచ్చిన మనిషి అనుకుంది. పెద్దామె లోపలికి వెళ్ళింది. శుక్రవారం తెల్లారకముందే చిన్నామెకి ఊపిరాడక శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకొచ్చారు.

ఇదంతా చెప్పి ఆ పిల్ల ఆగింది.  అప్పటికీ నాకు తెలివి రాలేదు. మొదటి అడుగు లేకుండా రెండో అడుగని ఎందుకు రాశావు, సరిగ్గా పేరు పెట్టి ఉంటే నాకు అర్థమయ్యేది కదా అన్నాను. ఆ మాట అన్నది నేనే.

"అది అడుగు కాదు సార్. అడుగు. రెండోపాలి అడుగు అని. పొడుగైపోతాదని పాలి తీసేసినాను."

నేను నడిచే అడుగనుకున్నాను. ఆమె నోటితో అడగమంది. ఇంగ్లిషు అక్షరాల్లో ఆ రెండూ ఒకటే. తెలుగు అక్షరాల్లోనూ ఒకటే, ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. తేడా పలికే మనిషిలో ఉంటుంది. ఆ మనిషి నా ఎదుటే కూర్చుంటే నేను కాగితం చదివాను.

ఎందుకు రెండోసారి అని అడిగాను, ఈసారి మెల్లగా. మా ఊళ్ళల్లో ఎలాగో మీకు తెలీదేటి సార్ అంది. ఇంటికొచ్చినవాళ్ళని తిన్నారా అంటే తిన్నామనే అంటారు. ఆకలితో ఉన్నా అదే మాట. రెండోసారి అడిగితేనే అసలు మాట చెబుతారు. ఆసుపత్రిలోనూ అంతే. నువ్వు ఫలానా కదా అంటే అవుననేస్తారు. మళ్ళీ వచ్చిన మనిషివేనా అన్నా అవునంటారు. పెద్ద చదువులవాళ్ళు అడిగితే కాదనడం మర్యాద కాదు. అందుకని ప్రోగ్రాం ఆగి, కౌంటర్‌లో ఉన్నవాళ్ళ చేత రెండోసారి అడిగించి, జవాబు గుర్తు గడిలో రాయించేలా రాసింది. ఎనిమిది మెట్లు లోపలికి దిగింది అందుకే. ఒక్కో మెట్టూ ఆమెకు తెలిసిన ఒక ఇల్లు.

నాకు తెలియకేం. మా అమ్మ ఎవరినీ ఒకసారి అడిగి ఊరుకునేది కాదు. చోడి అంబలి గ్లాసు చేతిలో పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ అడిగేది. నేను తిననని అలిగిన రోజున రెండోసారి అడుగుతుందని తెలిసే అలిగేవాణ్ణి. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి నేను.

అప్పుడు ఆ పిల్ల అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. "తప్పు నాదే సార్. పేరు సక్కగా పెట్టలేదు." ఏడవలేదు. కోపంగా అనలేదు. నిజంగానే అలా అనుకుని అంది. కాదమ్మా అనాల్సిన నేను, పాత కోడు దాచి ఉంచావా అని అడిగాను.

ఆ పూటే పాత కోడు తిరిగి పెట్టించాం. ఆమె టైపు చేస్తుంటే నేను వెనక నిలబడ్డాను. ఇద్దరు మళ్ళీ ఇద్దరయ్యారు, మంగళవారం, శుక్రవారం తిరిగొచ్చాయి. చిన్నామె పెద్దాసుపత్రిలో పదకొండు రోజులుంది. పన్నెండో రోజు పోయింది. గుండె ముందునుంచే బలహీనంగా ఉంది, వంతు తప్పినందువల్లే అని చెప్పలేం అన్నాడట డాక్టరు. ఆ మాట నర్సు ఆ పిల్లకి చెప్పింది, ఆ పిల్ల నాకు చెప్పింది. నన్ను ఊరడించడానికే చెప్పింది. కొన్నాళ్ళు ఆ మాట పట్టుకుని వేలాడాను. అది ఎక్కువ రోజులు ఆగలేదు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. యజమాని ఆసుపత్రివాళ్ళతో మాట్లాడాడు, కౌంటర్‌లో కొత్తమ్మాయి పొరపాటు అని వాళ్ళు అనుకున్నారు, ఈయన కాదనలేదు. నా రిపోర్టు ఫైల్లోనే ఉంది. అందులో పచ్చ సిరాతో రెండు అనే అంకె ఉంది. తీసి చింపేద్దామని రెండుసార్లు బీరువా తెరిచాను. చింపితే ఇంక దానికి సాక్ష్యం నేనొక్కడినే మిగులుతాను, అది మరీ భయమేసింది. అలాగే ఉంచాను. అవగాహన గడి మాత్రం రిపోర్టులోంచి తీసేశాను. ఎందుకు తీశావని యజమాని అడిగాడు. దానికి మార్కులు వేసే అవగాహన నాకు లేదన్నాను. ఆయన జోకనుకుని నవ్వాడు.

తర్వాత ఒక సోమవారం ఆసుపత్రికి వెళ్ళాను. ప్రోగ్రాం ఎలా నడుస్తోందో చూడాలని చెప్పి వెళ్ళాను. పెద్దామె వంతు అని తెలిసే వెళ్ళాను. వరండాలో బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన సంచి. సంచికి అవతల ఒక మనిషి పట్టేంత జాగా వదిలేసి ఉంది. చెయ్యి వాచి ఉంది, మిషను సూదులు గుచ్చిన చోట బుడిపెలు. సంచికి ఇవతల నేను కూర్చున్నాను. ఎవరబ్బాయివి బాబూ అని తనే పలకరించింది. కంప్యూటర్ పని మీద వచ్చానన్నాను. రాజాం దగ్గర అనగానే, మా ఆఖరి సెల్లిని ఆ వైపే ఇచ్చినారు అంది. ఇంక ఆవిడకి నేను కొత్తవాణ్ణి కాను. అడక్కుండానే చిన్నామె సంగతి ఎత్తింది.

ఆ గురువారం పేరు పిలిస్తే ఇద్దరం లేచాం అని చెప్పింది. చిన్నామె కాళ్ళు అప్పటికే పొంగి ఉన్నాయట. నువ్వు వెళ్తావా అని తను అడిగిందట. వద్దప్పా, ఇది నీ వంతు కదా, నాకు బానే ఉంది అందట చిన్నామె. సరే అని తను వెళ్ళిపోయింది.

"ఒక్కపాలే అడిగినాను బాబూ. రెండోపాలి అడిగితే మంచం ఎక్కీదేమో."

ఆవిడ నేల వైపు చూస్తూ అంది.  ఆ పిల్ల తప్పు తనదంది. ఈవిడ తప్పు తనదంటోంది. పచ్చ సిరా నాది. తప్పు నాదమ్మా, మీది కాదు, అని అన్నాను. 

"నీదేటి బాబూ. నువ్వెవులు, నానెవులు. కంపూటర్‌కేటో అయినాదట" అంది ఆవిడ, నన్నే ఓదారుస్తున్నట్టు.

నేను రెండోసారి చెప్పలేదు.

అంతలో పేరు పిలిచారు. ఆవిడ లేచి, ఎప్పటి అలవాటో, సంచికి అవతల ఖాళీ జాగా వైపు ఒకసారి చూసి, కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. రిసెప్షన్ అమ్మాయి పేరు అడిగింది. స్క్రీన్ మీద ఆ ఫంక్షన్ ఆగి, అడగాల్సింది అడగమంది. గుర్తు ఏంటమ్మా అంది ఆ అమ్మాయి.

"ఇప్పుడు ఒక్కదాన్నే కదమ్మా. ఇంక గుర్తెందుకు" అంది పెద్దామె.

ఆ గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రాం ముందుకు వెళ్ళదు. ఆ అమ్మాయి ఏం చేయాలన్నట్టు నా వైపు చూసింది. పెద్దామె అనే రాయమన్నాను.

నాలుగు గంటలు ఆ బల్ల మీదే కూర్చున్నాను. ఆవిడ బయటికొచ్చాక ఈసారి సరిగ్గా చెప్పాలి, పేరుతో సహా, చేసిన పనితో సహా చెప్పాలి అని మాటలు కూర్చుకున్నాను. మధ్యాహ్నం దాటాక ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చింది. మనిషి పిండేసినట్టు ఉంది. నన్ను చూసి ఆగింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేటి బాబూ. తిన్నావా?"

కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో. తిన్నానమ్మా అన్నాను.

ఆవిడ సంచి తీసుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, నా మొహంలోకి చూసి, మళ్ళీ అడిగింది.